ఆవగింజంత రాయి, మిరియమంత రాయి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే సంగతి మీద ఉన్నాయి. పోయిన మనిషి గుర్తుగా నగ చేయించుకోవాలి, అందులో వజ్రం ఎంతది ఉండాలి అని. మూడింటికీ ఇక్కడే జవాబు రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రం చెబుతున్నాను.

ప్రశ్న: పిన్నిగారూ, నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పోయిన కార్తీకంలో మా అమ్మ కాలం చేసింది. పెళ్లినాటి నుంచీ ఆమె చెవులకు ఉన్నవి ఏడు రాళ్ల దుద్దులు. ఆ జత తప్ప చెప్పుకోదగ్గ నగ ఇంకేదీ మిగల్లేదు. అక్క, నేను, తమ్ముడు, మేం ముగ్గురం. నాన్న ఉన్నారు. పాత చీటీలో ‘వజ్రాలు 14, మొత్తం 1.40 క్యారెట్లు’ అని రాసి ఉంది. ఇవి ఇచ్చేసి అదే బరువులో ఒక్క పెద్ద రాయి తీసుకుందాం, లాకెట్ చేయించి ఏడాదికొకరం వేసుకుందాం అంటోంది అక్క. విడదీసి పంచుకుంటే ఆవగింజంత రాళ్లు ఎవరికి కనబడతాయి అని తన బాధ. నాకేమో ఆ రాళ్లు వదులుకోవడానికి మనసొప్పడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ వంటింట్లోకి వెళ్లి పోపులపెట్టె తెచ్చుకో. అక్కను కూడా పక్కన కూర్చోబెట్టుకో.

వజ్రాన్ని క్యారెట్లలో తూస్తారు. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో అయిదో వంతు. అందులో నూరో వంతు సెంటు. మీ అమ్మగారి రాళ్లు పద్నాలుగూ కలిపి 140 సెంట్లు అయితే ఒక్కోటి 10 సెంట్లు. ఇది బరువు. కళ్లకు కనబడేది బరువు కాదు, వెడల్పు. అందుకని ఎవరైనా నాతో ‘ఇన్ని సెంట్ల రాయి’ అంటే ‘ఎన్ని మిల్లీమీటర్లు’ అని తిరిగి అడుగుతాను.

ఇప్పుడు పెట్టె మూత తియ్యి. ఆవగింజ ఉందే, గుండ్రంగా కోసిన ఒక సెంటు వజ్రం దాదాపు అంత ఉంటుంది, 1.3 మిల్లీమీటర్లు. 10 సెంట్లది 3 మిల్లీమీటర్లు, సన్న పెసరగింజను అడ్డంగా చూస్తే అంత. అర క్యారెట్ 5.1 మిల్లీమీటర్లు, ఒక మోస్తరు మిరియం. ఒక క్యారెట్ రాయి 6.5, నాటు శనగగింజలో చిన్నది. గింజలన్నీ ఒక్కలా ఉండవు, కాబట్టి దీన్ని తూకంలా పట్టుకోకు, కంటికి అలవాటు కావడానికి చెబుతున్నాను. అక్క ఆవగింజలనుకుంటున్నవి పెసరగింజలని ముందు ఇద్దరూ చూసుకోండి. ఈ రెంటికీ చాలా తేడా.

ఇంకోటి గమనించు. 10 సెంట్ల నుంచి క్యారెట్‌కు వెళితే బరువు పదింతలైంది. వెడల్పు 3 నుంచి 6.5కి, రెండింతలకు కొంచెం పైన, అంతే. మీ కోనసీమలో కొబ్బరి దింపు తీసేవాళ్లను అడుగు, రెట్టింపు బరువున్న కాయ చూడ్డానికి రెట్టింపు ఉండదు. రాయి కూడా పొడవు, వెడల్పు, లోతు మూడువైపులా పెరుగుతుంది. బరువు రెట్టింపైతే వెడల్పు పెరిగేది నూటికి 26 పాళ్లే. పెద్ద రాయికి పెట్టే డబ్బులో కొంత భాగం మనం చూడని లోతులోకే పోతుంది.

ఇక అక్క లెక్క. చిన్న రాళ్లు 1.40, పెద్ద రాయి 1.40, చెల్లుకు చెల్లు అనుకుంటోంది. బంగారం ముక్కలైతే కరిగించి ఒకటి చెయ్యొచ్చు. వజ్రాలను కరిగించి అతికించే పని లేదు. పెద్ద ముడిరాయి భూమిలో దొరకడమే అరుదు. అందుకని క్యారెట్ ధర రాయి పెరిగేకొద్దీ పెరుగుతూ పోతుంది. 10 సెంట్ల రాళ్లకు క్యారెట్‌కు ఇచ్చే రేటు వేరు, ఒంటిరాయి 1.40కి అడిగే రేటు వేరు. పైగా పాతవి తీసుకునేటప్పుడు తగ్గించే కడతారు. పద్నాలుగు రాళ్లూ ఇచ్చినా ఆ డబ్బుకు వచ్చే ఒంటిరాయి అక్క అనుకున్నదాంట్లో సగం కూడా ఉండకపోవచ్చు. మిగతా డబ్బు మీరు ముగ్గురూ వేసుకోవాలి. అప్పుడు చేతికొచ్చేది అమ్మగారి చెవిని ఒక్కరోజు కూడా తాకని రాయి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. 1991లో మా ఆయన పోయారు. నాకప్పటికి ముప్ఫై నిండలేదు. సంవత్సరీకం అయ్యాక ఇన్సూరెన్సు డబ్బులో కొంత తీసి, ఆయన గుర్తుగా ఒంటిరాయి ఉంగరం కొనుక్కున్నాను. పట్నంలో ఒక షాపు. చిన్నదైతే ఆయనకు తక్కువ చేసినట్టు ఉంటుందని మనసులో ఒకటే టెన్షన్. 50 సెంట్లది చూపిస్తే కాదని 60 సెంట్లది తీసుకున్నాను. ఆ పది సెంట్ల కోసం చేతి గాజులు రెండు తీశాను. తర్వాత బతుకుదెరువుకి పాలకొల్లులో మా బావగారి కొట్లో రాళ్ల పొట్లాలు తూచే పనిలో చేరాను. ఒకరోజు ఆయన నా ఉంగరం అడిగి, రాయి విప్పించి, వెడల్పు, లోతు కొలిచే గేజ్ మీద పెట్టారు. వెడల్పు 5.1. లోతు 3.7. బాగా కోసిన రాయికి లోతు వెడల్పులో నూటికి 60, 62 పాళ్లు ఉంటుంది, అంటే ఈ వెడల్పుకి 3.1 చాలు. నా రాయికి 72 దాటింది. ‘అమ్మాయ్, బరువంతా కడుపులో ఉంది’ అన్నారు బావగారు. మిరియమంత రాయికి ఇంకా ఎక్కువే కట్టాను. అలా లోతుగా కోసిన రాయిలోంచి వెలుగు కింది నుంచి జారిపోతుంది, పైకి రాదు. నడిమి మసకగా ఉంటుంది. బిల్లులో అబద్ధం లేదు, అది నిజంగా 60 సెంట్లే. ఎవరినీ అడగడానికి లేకపోయింది. ఆ రోజు నుంచి మా కొట్టుకి వచ్చిన ప్రతి ఆడమనిషికీ రాయిని తక్కెడలో పెట్టడానికి ముందు స్కేలు మీద పెట్టి చూపించాను. ఇరవై ఏడేళ్లు అదే పని చేశాను.

మీరు కొత్త రాయి కొనేటట్టయితే సర్టిఫికెట్‌లో మూడు అంకెలు ఉంటాయి, 5.10 – 5.13 × 3.15 ఇలా. మొదటి రెండూ వెడల్పు, చివరిది లోతు. వెడల్పును వెడల్పుతో, దాన్ని లోతుతో గుణించి, వచ్చినదాన్ని 0.0061తో గుణిస్తే గుండ్రటి రాయి క్యారెట్లు ఇంచుమించు తేలతాయి. పై అంకెలకు అర క్యారెట్ వస్తుంది, చేసి చూసుకో. ఈ లెక్క బిగించి ఉన్న రాయికి కూడా పనికొస్తుంది, లోతు అందితే.

ఇప్పుడు మీ దుద్దుల దగ్గరకు వద్దాం. వాటిలో ఉన్న అందమేమిటో తెలుసా? నడుమ ఒకటి, చుట్టూ ఆరు. ఒకే సైజు రూపాయి బిళ్లలు నేలమీద పెట్టి చూడు, ఒకదాని చుట్టూ సరిగ్గా ఆరే పడతాయి. సందు ఉండదు, ఏడోదానికి చోటు ఉండదు. మన పాత కంసాలులు ఆ కొలత చేత్తోనే పట్టుకున్నారు. మూడేసి మిల్లీమీటర్ల ఏడు రాళ్లు 9 మిల్లీమీటర్ల పువ్వు అవుతాయి. 1.40 ఒంటిరాయి వెడల్పు 7.3. అంటే 70 సెంట్లున్న మీ అమ్మగారి ఒక్క దుద్దు, అక్క కోరుకుంటున్న 140 సెంట్ల రాయి కంటే వెడల్పుగా కనబడుతుంది.

నేనైతే ఇలా పంచుతాను. ముగ్గురికీ తలా నాలుగు. నాలుగు రాళ్లను రెండు వరసల్లో దగ్గరగా బిగిస్తే పక్కల నుంచి 6, మూలల నుంచి 7 మిల్లీమీటర్లు దాటే చిన్న పువ్వు వస్తుంది. ఒక క్యారెట్ ఒంటిరాయి 6.5 అని చెప్పాను కదా, 40 సెంట్లతో దాదాపు అంత ముఖం వస్తోంది. అక్క లాకెట్ చేయించుకోవచ్చు, నువ్వు ఉంగరమో, మళ్లీ చెవులకు రెండేసి రాళ్లో పెట్టుకోవచ్చు. తమ్ముడి భాగం వాళ్లావిడ ఇష్టం. పద్నాలుగులో పన్నెండు పోతే రెండు మిగులుతాయి. అవి నాన్నగారివి. నువ్వు ఉత్తరంలో ‘నాన్న ఉన్నారు’ అని రెండు మాటల్లో రాసి వదిలేశావు. అమ్మా, ఆ దుద్దుల్ని అన్నేళ్లు ఎదురుగా చూసింది ఆయన. పాత ఉంగరం ఏదైనా ఉంటే అందులోనే రెండు రాళ్లనూ పక్కపక్కన బంగారంలోకి దిగేటట్టు బిగించమని చెప్పు. పైకి లేచి ఉండకూడదు. తోటలోకి వెళ్లే మనిషి చేతికి పైకి లేచిన రాయి అడుగడుగునా తగులుతుంది. వజ్రం గీత పడదు కానీ అంచు మీద దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది.

విప్పించేముందు ఒకటి. ఆ కాలపు దుద్దులు చాలావరకు వెనక మూసి కట్టినవి. రాయి వెనక వెండి రేకు వేసి మెరుపు తెచ్చేవారు. విప్పి తీశాక అదే రాయి వెలవెలబోయినట్టు కనిపిస్తే రాయి మారిందని కంగారు పడొద్దు, కంసాలిని అనుమానించొద్దు. ఆ అనుమానం రాకుండా ఉండాలంటే మీరు ముగ్గురిలో ఒకరు పక్కనే కూర్చోండి. ముందు ఫొటో తియ్యండి. రాళ్లు విప్పి, కుంకుడు రసంలో నానబెట్టి మెత్తని బ్రష్‌తో కడిగించండి, వజ్రానికి నూనె జిడ్డు ఇట్టే పట్టేస్తుంది. అప్పుడు మీ ఎదుట ఒక్కొక్కటీ తూయించండి. చీటీలో 1.40 ఉన్నా కొన్ని 9, కొన్ని 11 సెంట్లు రావచ్చు. చేత్తో కోసిన పాత రాళ్లు అచ్చుగుద్దినట్టు ఉండవు. నడిమి రాయి పెద్దదిగా తేలితే అది ఎవరికన్న మాట అక్కడ కూర్చున్నప్పుడు కాదు, ముందే ఇంట్లో అనుకుని వెళ్లండి.

ప్రశ్న: అమ్మగారూ, మాది నరసాపురం. చనిపోయిన మా నాయనమ్మ గుర్తుగా ముక్కుపుడక చేయించుకుంటున్నాను. షాపువాళ్లు ఇచ్చిన కాగితంలో ఒకచోట 18 క్యారెట్, ఇంకోచోట 0.18 క్యారెట్ అని ఉంది. ఏది దేనిదో అర్థం కాలేదు. ముక్కుకి ఎంత రాయి బాగుంటుంది?

జవాబు: బంగారం క్యారెట్ వేరు, రాయి క్యారెట్ వేరు తల్లీ. మాట ఒకటే. బంగారానికి అది స్వచ్ఛత. 18 అంటే వెయ్యికి 750 పాళ్లు బంగారం. 22 మెత్తన, రాయిని గట్టిగా పట్టుకునే కొనలు వంగిపోతాయని వజ్రాలను ఎక్కువగా 18లో బిగిస్తారు. హాల్‌మార్క్ పక్కన అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం ఆరున్న గుర్తు ఉందేమో చూసుకో. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద అది లేకుండా అమ్మకూడదు. ముక్కుపుడక మరీ తేలిక నగ, దాని మీద లేకపోతే ఎందుకు లేదో అడిగి తెలుసుకో. 0.18 అన్నది రాయి బరువు, 18 సెంట్లు. గుండ్రటిదైతే 3.6, 3.7 మిల్లీమీటర్లు.

ముక్కుకి అది చిన్నదేం కాదు. సన్నటి ముక్కుకి 5 సెంట్లు, అంటే రెండున్నర మిల్లీమీటర్లది చక్కగా కూర్చుంటుంది. నాయనమ్మగారి ముఖం, నీ ముఖం ఒకటి కావు, ఆవిడకు ఎంత ఉండేదో దాన్నే పట్టుకోవాల్సిన పని లేదు. చెప్పాల్సింది ఒకటుంది. డబ్బిచ్చేముందు అదే వెడల్పున్న అమెరికన్ డైమండ్ వెండి పుడక కొని వారం రోజులు పెట్టుకు తిరుగు. నూరు, రెండొందలతో పోతుంది. నీళ్లు పోసుకునేటప్పుడు, తల తుడుచుకునేటప్పుడు, పడుకున్నప్పుడు ఎలా ఉందో తెలిసిపోతుంది. కొనేటప్పుడు మాత్రం మిల్లీమీటర్లే చెప్పు, సెంట్లు చెప్పకు. అమెరికన్ డైమండ్ వజ్రం కంటే ఒకటిన్నర రెట్లకు పైగా బరువు, ఒకే సెంట్లు అంటే చిన్నది చేతిలో పెడతారు.

ప్రశ్న: పెద్దమ్మగారూ, మాది భీమవరం. నాన్నగారు పోయి రెండు నెలలైంది. అస్థికలు అంతర్వేదిలో సంగమం దగ్గర కలిపాం, కొంచెం మాత్రం చిన్న ముంతలో ఉంచాను. అస్థికలతో వజ్రం తయారుచేస్తారని విదేశంలో ఉన్న అన్నయ్య చెప్పాడు. ఎక్కువ ఉంటే పెద్ద రాయి వస్తుందేమో, అమ్మకు ఒక క్యారెట్ ఉంగరం చేయిద్దామని నా ఆశ. బాబాయి అన్నీ గోదావరిలోనే కలపాలని కోప్పడుతున్నారు.

జవాబు: బాబూ, నీ ఆశ నాకు అర్థమైంది. ఇలాంటి పని చేసే కంపెనీలు ఉన్నాయి, అది కల్పన కాదు. వజ్రం అంటే కర్బనం. మనిషి దేహంలోని కర్బనాన్ని తీసి, శుద్ధి చేసి, వాతావరణం కంటే యాభై వేల రెట్లకు పైగా ఒత్తిడిలో, 1,300 డిగ్రీలు దాటిన వేడిలో పెట్టి, చిన్న వజ్రపు విత్తనం మీద స్ఫటికం పెంచుతారు. పెరిగిన ముడిరాయిని కోసి సానబెడితే సగం దాకా పోతుంది.

ఇక సైజు. 25 సెంట్ల రాయి బరువు 50 మిల్లీగ్రాములు. కోతలో పోయేది కలుపుకున్నా మొదట కావాల్సిన కర్బనం గ్రాములో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. శుద్ధి చేసేటప్పుడు పోయేది కూడా ఉంటుంది, నిజమే. అయినా రాయి పెద్దది కావడం ముంతలో ఎంత ఉందన్న దాన్నిబట్టి కాదు, యంత్రంలో ఎంతకాలం, ఎంత నిలకడగా పెరిగిందన్న దాన్నిబట్టి. అందుకే పెద్ద సైజుకి ఎక్కువ నెలలు, ఎక్కువ డబ్బు. ఎక్కువ దాచితే పెద్దది వస్తుందన్న ఆలోచన వదిలెయ్యి.

నిన్ను నొప్పించినా చెప్పాల్సిన సంగతి ఇంకోటి. అస్థికల్లో కర్బనం చాలా తక్కువ. కాలేటప్పుడు చాలావరకు గాలిలో కలిసిపోతుంది, మిగిలేది ముఖ్యంగా ఎముకలోని సున్నం, భాస్వరం. పైగా మన చితి కట్టెలతో, పిడకలతో పేర్చింది. ముంతలో నల్లగా ఉన్నది బొగ్గు అయితే ఆ కర్బనం మామిడి చెట్టుది. రాయి తయారయ్యాక అది నాన్నగారి కర్బనమేనని ఏ ల్యాబూ తేల్చి చెప్పలేదు, అందులో మనిషి ఆనవాలు మిగలదు. కంపెనీ మాట మీద నమ్మకమే ఆధారం. బయటి కర్బనం కలుపుతారా అని రాతపూర్వకంగా అడుగు. రంగు కూడా అడుగు. గాలిలోని నత్రజని చేరితే పసుపు, తేనె రంగు వస్తాయి, బోరాన్ వేస్తే నీలం.

వెంట్రుకలైతే వేరు. వాటి బరువులో దాదాపు సగం కర్బనమే, అందులో కట్టె బొగ్గు కలవదు. వెంట్రుకలు ఇంట్లో దాచకూడదని మన పెద్దవాళ్లు అంటారు. ఆ పట్టింపు ఉన్న ఇల్లయితే నేను బలవంతం చెయ్యను.

బాబాయిగారి కోపం గురించి. రాజమండ్రి కోటిలింగాల రేవులో, మీ అంతర్వేదిలో తరతరాలుగా కలుపుతున్నది మనిషిని గోదావరికి అప్పగించామన్న నిమ్మది కోసం. ముంత ఇంట్లో ఉన్నంతకాలం ఆయనకు ఆ నిమ్మది లేదు. నీ తల్లిగారిని అడిగావా? ఉత్తరంలో అన్నయ్య మాట ఉంది, బాబాయి మాట ఉంది, ఆవిడ మాట లేదు. వేలికి పెట్టుకోవాల్సింది ఆవిడ.

ఆవిడ కావాలంటే ఒక క్యారెట్ మాత్రం వద్దు. 6.5 వెడల్పు రాయి 4 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది, దాని కింద బంగారం అదనం. వంట చేసుకుంటూ, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఉండే చేతికి అది నూలుపోగుల్ని లాగుతూనే ఉంటుంది. నాలుగు రోజులు పెట్టుకుని బీరువాలో పెట్టేస్తారు, అలా పెట్టేసిన ఉంగరాలు మా కొట్లో చాలా చూశాను. 20 నుంచి 25 సెంట్లలోపు తీసుకో. 4 మిల్లీమీటర్ల వెడల్పు, రెండున్నర ఎత్తు. చుట్టూ బంగారు అంచు కట్టి బిగించమను.

ఆవిడ వద్దంటే ముంత తీసుకుని బాబాయిగారితోనే రేవుకి వెళ్లు. అప్పుడు ఇంకో దారి ఉంది. ఇంగ్లండులో విక్టోరియా రాణి 1861లో భర్త పోయాక ఆయన వెంట్రుకలు ఉంచిన లాకెట్ వేసుకునేది. దానికి యంత్రం అక్కర్లేదు, గ్రాములు అక్కర్లేదు, నాలుగు వెంట్రుకలు చాలు. అద్దం బిగించిన చిన్న బంగారు లాకెట్, మూత మీద 5 సెంట్ల రాయి ఒకటి. మీ ఊళ్లో మంచి కంసాలి ఎవరైనా చేస్తారు. ఏ దారిలో వెళ్లాలన్నది ఆవిడ చెప్పేదాకా నాన్నగారి దువ్వెన మాత్రం ఎవరినీ కడగనివ్వకు.